ఉగ్గుగిన్నెడు బీరు

బేతంచెర్ల,
ఫిబ్రవరి 2.

వరమ్మత్తకు నీ మేనకోడలు దీవెన వందనాలు.

ఫోన్‌లో అడిగితే "గాలిమాట నాకొద్దు, కాగితం మీద పెట్టు" అంటావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. స్టేషన్‌లో ఉద్యోగం బాగానే ఉంది. బండల లారీల దుమ్ముకు నా టిక్కెట్ల కిటికీ రోజుకు రెండుసార్లు తుడుస్తున్నాను. దగ్గు లేదు, భయపడకు.

ఒక పని పడింది అత్తా. పసిపిల్లల ఉగ్గుపిండి కోసం నువ్వు జొన్నలు మొలకగట్టి ఎండబెడతావు కదా, అవి పది కిలోలు కావాలి. పిండి పట్టించొద్దు, గింజలుగానే పంపు. బెంగళూరులో రెండేళ్ళు పనిచేశానే, అక్కడి స్నేహితుల కోసం. వాళ్ళకు తీరిక దొరికితే రకరకాల పానీయాలు కాచే సరదా. ఏప్రిల్ చివర అందరూ కలిసే పెద్ద సభ ఉంది. ఎవరు కాచింది వాళ్ళు తెస్తారు, ఒకరిది ఒకరు రుచి చూస్తారు, పెద్దలు మార్కులు వేస్తారు. ఈసారి నేనూ పేరు ఇచ్చాను. గెలవాలని చాలా ఉంది. ఎందుకో అడగకు, చిన్నప్పటి నుంచి నేను దేనిలోనూ గెలవలేదు, అంతే.

లేవి బావ బండలు దింపడానికి కడప వైపు వచ్చినప్పుడు మూట లారీలో వేస్తే చాలు.

నీ దీవెన.


కమలాపురం,
ఫిబ్రవరి 9.

దీవెనకు అత్త రాసేది. దేవుడు నిన్ను చల్లగా చూడల్ల.

నేను మాట్లాడినట్టే రాస్తా, రాత్రిబడి సదువు నాది. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

పది కిలోలా! ఏమ్మే, నీకింగా పెండ్లే కాల్యా, ఇంతమంది బిడ్డలకు ఉగ్గు యాడ పోస్తాండావు? మీ మామ అడిగితే నేనేం జెప్పల్ల? బెంగుళూరోల్లకు రాగులుండాయి గదా, జొన్నల మీద మనసు యాల పాయ?

సరే, అడిగినావు గాబట్టి చేసినా. రేత్రి నానేసి, తడి గోనెపట్టలో మూట గట్టి, పూటపూటకీ నీళ్ళు చిలకరించినా. మొలక గింజంత పొడుగు కాంగానే మిద్దె మీద ఆరబోసినా. కోతులకు కావలి మీ మామ. కట్టె పట్టుకొని కుర్చీలో కూకొని నిద్రపోయినాడు, కోతి ఆయన్ను చూసి జాలిపడి పాయ. ఎండినాక అరిచేతుల్లో నలిపి తోకలన్నీ రాలగొట్టినా. ఆ తోకల్లో విషముంటాది, పసిబిడ్డలకు ఆగదు. ఒక్క గింజకు తోక కనపడినా నన్నడుగు.

లేవి రేపు బయల్దేరుతాండాడు. గెలుస్తావులే. నా జొన్నలు తాగినోల్లు ఎవురూ ఇంతవరకూ చెడిపోల్యా.

మీ అత్త వరమ్మ.


బేతంచెర్ల,
మార్చి 10.

అత్తా,

నీ జొన్నలు బెంగళూరును గెలిచాయి! పూర్తిగా కాదులే, సగం.

పోయిన నెల వెళ్ళి కాచి వచ్చానని ఊరికొచ్చినప్పుడు చెప్పాను కదా. గింజల్లో కొన్ని మంగలంలో వేసి కాఫీ గింజల రంగు వచ్చేదాకా వేయించాను. అక్కడ ట్యాంకర్లు రావడం లేదు, ఎవరి నీళ్ళు వాళ్ళే తెచ్చుకోమన్నారు. రాయలసీమ నుంచి బెంగళూరుకు నీళ్ళు మోసిన మొదటి మనిషిని నేనే అయివుంటాను. మా స్టేషన్ బోరు నీళ్ళు రెండు క్యాన్లకు పట్టుకొని డోన్‌లో బండి మారాను. కాచిన పానీయం నిన్న తెరిచాం. ఏసుకుమార్ అని మన కర్నూలు అబ్బాయి, నాలాగే సరదాతో కాచేవాడు, ఒక గుక్క తాగి గ్లాసు వెలుగుకు పట్టి చూశాడు. ఆ తర్వాత "దీవెనా, ఇది యాడ నేర్చినావు? నేను మూడేండ్లుగా చేస్తాండా, నాకు ఒక్కసారన్నా ఇట్ల కుదరల్యా" అన్నాడు. చివరి పోటీకి ఎంపికైన వాటిలో నాదీ ఉంది.

ఒక్కటే సిగ్గేసింది. నీళ్ళు ఎక్కడివని అందరూ అడిగారు. బిందె అడుగున తెల్లగా అట్టకట్టే బోరు నీళ్ళని ఎలా చెప్పను? మా ఊళ్ళో ఇంటికి ఎవరు వచ్చినా క్యాన్ నీళ్ళే ఇస్తారు, బోరు నీళ్ళిస్తే చుట్టాన్ని అవమానించినట్టే. అందుకే పెద్దలు రుచి చూడబోయే దానికి మంచి క్యాన్ నీళ్ళు అక్కడే కొనుక్కొచ్చి, మిగిలిన జొన్నలన్నీ వేసి నిన్ననే మళ్ళీ కాచి వచ్చాను.

మామకు నా తరఫున కోతిని అడిగానని చెప్పు.

నీ దీవెన.


కమలాపురం,
మార్చి 16.

దీవెనా,

లేవి నిన్న నీ ఫోటో సూపిచ్చినాడు. సంతోషపడతానని సూపిచ్చినాడు, పాపం వానికేం తెలుసు. నీ చేతిలో గ్లాసు. గ్లాసు మీద నురగ. ఇదేందిరా అంటే "బీరు మా, దీవెన శానా బాగా కాస్తాదంట" అన్నాడు.

పానీయమా? పానీయమని రాస్తావా నాకు? పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగితే లోకం చూడదనుకున్నావా?

మే, ఈ కమలాపురంలో సారా కుండలు పగలగొట్టిన చేతులివి. నా ఎనకాల ఇరవైమంది ఆడోల్లు నిలబడింటే, నేను మొదట పగలగొట్టిన కుండ యాడిదో తెలుసునా? మీ నాయనది. నా సొంత అన్నది. అమ్మేది ఆయనే, తాగేది ఆయనే. మూడేండ్లు నాతో మాట్లాడల్యా. నాలుగో ఏడు తాగి తాగి పాయ. తల్లి గూడా ల్యాని నిన్ను నా సంకనెత్తుకొని వచ్చినా. ఆ చేతుల్తోనే మొలకగట్టి నీకు పంపిస్తి! కంచే చేను మేసినట్టు కాకపోతే ఏంది ఇది? అదీ ఏసుప్రభు శ్రమదినాల్లో!

గుడిలో ఏ మొగం పెట్టుకొని పాడల్ల నేను?

ఇంగ నన్ను జొన్నలు అడగొద్దు.

వరమ్మ.


బేతంచెర్ల,
మార్చి 24.

అత్తా,

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఇప్పుడు రాస్తున్నాను, చింపేసినా ఒకసారి చదివి చింపు.

బీరే. పానీయమని రాసింది నీకు భయపడి. నువ్వు తిడతావని కాదు, నాన్న గుర్తొచ్చి ఏడుస్తావని. చివరికి రెండూ చేశావు.

నేను ఎందుకు కాస్తానో చెబుతాను. బెంగళూరులో ఉన్నప్పుడు ఒక ఆదివారం ఏసుకుమార్‌వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. పెద్ద డేగిసాలో గింజలు ఉడుకుతున్నాయి. ఆ వాసన మన ఇంటిది అత్తా, నువ్వు పొయ్యి మీద జొన్న ఉగ్గు కలిపేటప్పుడు వచ్చేది. అక్కడే నిలబడిపోయాను. తాగాలని కాదు, ఆ వాసనను ఏదో ఒకటి చేయాలని. ఒక గింజ నుంచి పులుపు, చేదు, తీపి ఎన్ని వస్తాయో చూస్తుంటే నాకు పండగలా ఉంటుంది. నేను ఇంట్లో కాయడం లేదు, మన దగ్గర చట్టం ఒప్పదు. లైసెన్సు ఉన్న వాళ్ళ షెడ్డులోనే కాస్తాం. ఇంటికి ఒక్క సీసా తేలేదు. సారా వేరు, ఇది వేరు అని నీతో వాదించను. అన్నను పోగొట్టుకున్న దానివి నువ్వు. నేనూ నాన్నను పోగొట్టుకున్నాను.

ఇప్పుడు చెడ్డ కబురు. క్యాన్ నీళ్ళతో కాచిన దాన్ని నిన్న తెరిచి చూశాం. పాడైంది. మాడిన పులుపు, నాలుక గీరుకుపోయింది. అవే జొన్నలు, అదే మంగలం, అదే డేగిసా. మారింది నీళ్ళు ఒక్కటే. బాగా వేయించిన గింజకు పులుపు ఎక్కువ. మన బోరు నీళ్ళలోని సున్నం ఆ పులుపును విరిచేస్తుంది. క్యాన్ నీళ్ళలో ఆ సున్నం ఏది? చుట్టాలకు మర్యాద చేయబోయి నా బీరును నేనే చంపుకున్నాను. ఏసుకుమార్ తల పట్టుకొని "సీమ నీళ్ళుండంగా కొనుక్కొచ్చిన నీళ్ళు యాల పోసినావప్పా!" అన్నాడు. కోపంలో నన్ను కూడా అప్పా అనేశాడు.

అంగట్లో దొరికే మొలక జొన్నలు తెచ్చి చూశాను, తోకలతోనే అమ్ముతున్నారు. నీవి కాకపోతే నాకు వేరే గింజ లేదు. ఏప్రిల్ మొదటి ఆదివారం కాచకపోతే సభకు అందదు. పంపకపోతే పోటీ నుంచి పేరు తీసేసుకుంటాను. నిన్ను బెదిరించడం కాదు, నిజం చెబుతున్నాను. ఇకమీద నీకు నిజమే చెబుతాను.

నువ్వు పంపకపోయినా నేను శనివారం, నెలనెలా వచ్చినట్టే వస్తాను. వాకిట్లో కూర్చుంటాను. తలుపు తీసేదీ తీయనిదీ నీ ఇష్టం.

దీవెన.


కమలాపురం,
మార్చి 30.

దీవెనకు అత్త రాసేది.

నిన్న వాకిట్లో కూర్చోని పోతివి. తలుపు తీసినా గానీ మాట్లాడల్యా, అది నాకు తెలుసు. అన్నం పెట్టినా గదా. మాట్లాడితే ఏడుపొస్తాదని మాట్లాడల్యా. అందుకే రాస్తాండా.

ఈ మూట లేవి చేతికిచ్చినా. ఎప్పుడు నానేసినావని అడగొద్దు. అడక్కపోయినా చెప్తా. నిన్ను తిట్టి ఉత్తరం రాసిన రోజు రేత్రే నానేసినా. ఒక చేత్తో తిట్టు, ఒక చేత్తో నీళ్ళు. మీ మామ చూసి "ఏందే వరమ్మా, కోపంగా ఉండావా లేవా?" అన్నాడు. నోరు మూసుకొని కోతులకు కావలి ఉండమన్నా.

లేవిని కూకోబెట్టి ఫోన్లో ఆ సభ ముచ్చట్లన్నీ చూసినా. ఒకరిది ఒకరు రుచి జూసి బకెట్లో ఉమ్ముతారంట గదా. ఉమ్మేదానికి ఇంత కష్టం దేనికే తల్లీ అనుకున్యా. నాకు నచ్చిందని రాయను, నచ్చల్యా. కానీ మీ నాయన తాగి వచ్చి తాగలేదనేటోడు, సచ్చేదాకా తాగలేదనే అన్యాడు. నువ్వు నాకు తప్పు రాసి, నువ్వే దిద్దినావు.

మూటలో గుడ్డ చుట్టి ఒక ఉగ్గుగిన్నె పెట్టినా. నీకు పాలు పోసిన గిన్నె. నా మాట ఇది. నువ్వు కాసింది ఆ గిన్నెతోనే కొల్చి పోయల్ల. మనిషికి ఒక్క గిన్నె. రెండోది ఎవురడిగినా ల్యాదనల్ల. ఎంత పెద్దోడైనా సరే, కాళ్ళు పట్టుకున్యా సరే. రెండో గిన్నెతోనే మన ఇల్లు కూలింది, మొదటి దాంతో కాదు. ఈ మాట నిలబెట్టుకుంటే నా జొన్నలు తీసుకో. ల్యాకుంటే కోళ్ళకెయ్యి.

నీళ్ళు మన బోరువే పట్టుకపో. సిగ్గు దేనికి? ఆ నీళ్ళు తాగే గదా ఇంత నోరొచ్చింది మనకు.

మీ అత్త.


బెంగళూరు,
ఏప్రిల్ 27, ఆదివారం రాత్రి.

అత్తా, అత్తా, అత్తా!

స్టేషన్ బెంచీ మీద కూర్చొని రాస్తున్నాను. రైలు వచ్చేలోపు అంతా చెప్పేయాలి. ఫలితం ముందే చెప్పను, వరుసగా చదువు. చివరికి దూకితే నా మీద ఒట్టు.

ఊరి చివర పెద్ద షెడ్డు. ఎనభైమంది దాకా కాచేవాళ్ళం, చూడటానికి వచ్చినవాళ్ళు అంతకు మూడింతలు. అంతా మామూలు మనుషులే అత్తా. పళ్ళ డాక్టరు ఉన్నాడు, లెక్కల టీచరమ్మ ఉంది, బ్యాంకులో పనిచేసి రిటైరైన తాతా, ఆయన మనవరాలూ కలిసి వచ్చారు. ఒకాయన కరివేపాకు వేసి కాచాడు, తాగితే తాలింపు గుర్తొచ్చింది. లెక్కల టీచరమ్మది జామపండు బీరు, గులాబీ రంగులో భలే ఉంది. ఒక అబ్బాయి చింతపండు పోశాడు. రుచి చూసి అతని ముఖం కూడా మా ముఖాల్లాగే అయింది, అందరం పడీపడీ నవ్వాం. నేను అన్నీ ఒక్కో గుక్క చూసి, నీళ్ళు పుక్కిలించి, బకెట్లో ఉమ్మాను. నువ్వు చూసినట్టే. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకుంటారు, ఎవరి రహస్యం వాళ్ళే ఇచ్చేస్తారు. నేనూ అడిగిన వాళ్ళందరికీ బేతంచెర్ల బోరు నీళ్ళని గట్టిగా చెప్పాను. ఆ కరివేపాకు ఆయన ఒక క్యాన్ పంపమని అడ్రసు రాసిచ్చాడు.

ఇక నా బల్ల. అందరి దగ్గరా తళతళలాడే గ్లాసులు. నా దగ్గర ముక్కున్న ఉగ్గుగిన్నె. మొదటి గంట నవ్వారు. "ఏంటండీ, మేం పసిపిల్లలమా?" అని ఒకాయన అడిగాడు. "మా అత్త దృష్టిలో అంతే" అన్నాను. కొలిచి చిన్న కప్పులో పోసి ఇచ్చాను. తాగాడు, ఇంకొకటి అన్నాడు. లేదన్నాను. అలిగి వెళ్ళి ఇద్దరు స్నేహితులను పంపాడు. వాళ్ళు ఇంకో నలుగురిని పంపారు. మధ్యాహ్నానికి నా బల్ల ముందు వరుస గుమ్మం దాటింది. ఏసుకుమార్ తన బల్ల వదిలేసి వచ్చి "ఒక్కొక్కరికి ఒక్కటే! మొగం గుర్తు పెట్టుకుంటాండా, మళ్ళా రావద్దు!" అని అరుస్తూ వరుస నిలబెట్టాడు.

పెద్దలు ముగ్గురు. అందరిలోకి పెద్ద తిమ్మయ్యగారు, కొడగు ఆయన, తెల్ల మీసాలు, నలభై ఏళ్ళుగా ఇదే పని. ముగ్గురూ వచ్చి తలా ఒక గిన్నె తాగి, మార్కులు రాసుకొని వెళ్ళిపోయారు. సాయంత్రం మైకులో చెప్పారు, మూడు బీర్లు చివరికి మిగిలాయని. జామపండుది, ఒక కాఫీ బీరు, నాది. తేల్చడానికి మూడింటినీ మళ్ళీ రుచి చూస్తామన్నారు.

అత్తా, మళ్ళీ అంటే రెండో గిన్నె. తిమ్మయ్యగారు మొదట మిగిలిన రెండూ రెండోసారి తాగారు. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి కప్పు చాపారు. నా చేతిలో గిన్నె ఉంది. పీపాలో బీరు ఉంది. ఏసుకుమార్ వెనకనుంచి నా చెయ్యి గిల్లుతున్నాడు, పొయ్యి పొయ్యి అని. పోస్తే నీకు తెలిసేదా? తెలిసేది కాదు. అక్కడే కదా నా భయమంతా. నీకు తెలియకుండా చేసింది ఒకసారి చాలు.

"సార్, క్షమించండి. మనిషికి ఒక్కటే. మా అత్తకు మాటిచ్చాను" అన్నాను. గిన్నె బల్ల మీద పెట్టేశాను. షెడ్డులో వాళ్ళంతా మా వైపు తిరిగారు.

"పోటీ పోతుందమ్మా" అన్నారాయన. ఆయన తెలుగు కన్నడంలాగే ఉంటుంది.

"పోతే పోనీండి సార్" అన్నాను. అన్న తర్వాత ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ అత్త ఎవరని అడిగారు. చెప్పాను. జొన్నలు ఆమెవే అని, ఒకప్పుడు సారా కుండలు పగలగొట్టిందని, మొదటిది మా నాన్నదని, అంతా చెప్పాను, ఎనభైమంది ముందు. ఆయన ఖాళీ కప్పు నా బల్ల మీద బోర్లించారు. వెనక్కి తిరిగి మిగతా ఇద్దరితో, "ఆ రెండూ ఎలా ఉన్నాయో గుర్తులేక మళ్ళీ తాగాను. దీన్ని పొద్దున ఒక్క గుక్క తాగాను, ఇంకా నాలుక మీదే ఉంది. నాకు రెండోది అక్కర్లేదు. మీకు కావాలా?" అన్నారు. వాళ్ళు తలలు అడ్డంగా ఊపారు.

మొదటి బహుమతి, అత్తా! నాకు! పతకం వేశారు, బంగారు రంగుది, అరచేయంత ఉంది. ఏసుకుమార్ నన్ను ఎత్తి తిప్పబోయి పీపాకు తగిలి కిందపడ్డాడు. లెక్కల టీచరమ్మ నీ పేరు అడిగింది. "వరమ్మ" అన్నాను. షెడ్డంతా వరమ్మ, వరమ్మ అని చప్పట్లు కొట్టింది. నీ పేరుతో బెంగళూరు అరిచిందత్తా.

ఇంకొక మాట మిగిలింది. మాకు కాచుకోవడానికి షెడ్డు ఇచ్చే బ్రూవరీ యజమాని వచ్చి నా బీరును పెద్దగా కాచి అమ్ముతామన్నాడు, నీ పేరే పెడతామన్నాడు. ఎన్ని మూటల జొన్నలైనా నీ దగ్గరే కొంటాడట. అత్తను అడగాలని చెప్పాను. నీ జవాబే నా జవాబు.

రైలు వచ్చింది.

నీ దీవెన.


కమలాపురం,
మే 2.

నా బంగారు దీవెనకు అత్త రాసేది.

నీ ఉత్తరం నేను చదివినా, మళ్ళా మీ మామతో చదివిచ్చినా, లేవితో చదివిచ్చినా. చివరికి దూకొద్దని ఒట్టు పెట్టినావు గానీ, మీ మామ దూకినాడు. దూకి, గెల్చిందే అని అరిచినాడు. చెవి మెలేసినా.

"పోతే పోనీండి" అన్యావు సూడు, ఆడ ఆగిపోయినా. కాగితం కిందపెట్టి శానాసేపు ఏడ్సినా. బాధకు కాదు.

ఆ అమ్మేటోనికి ల్యాదని చెప్పు. నా జొన్నలు అంగడికియ్యను, నా పేరు సీసాకియ్యను. అంగట్లో ఒక్క గిన్నె అని కొల్చి పోసేటోడు ఎవుడు? యాడనో ఒక ఆడమనిషి ఆ సీసా సూసి వరమ్మ ఎవురని తిట్టుకుంటే నేను తట్టుకోలేను. నీకు కోపమొస్తే రానీ. కానీ వచ్చే ఏడు నువ్వు సభకు పొయ్యేటప్పుడు చెప్పు, మళ్ళా మొలకగడ్తా. నీకెన్నిసార్లైనా కడ్తా.

నిన్న ప్రార్థన అయినాక మా గుడికొచ్చే కృష్ణవేణమ్మ అందరి ముందర అడిగింది. "ఏమ్మా వరమ్మా, కుండలు పగలగొట్టిన దానివి, నీ మేనకోడలు బీరు కాసి గెల్చిందంట గదా?" అని. నవ్వుతానే అడిగింది, సూది గుచ్చినట్టు. అంతా నా మొగం సూస్తాండారు. నేను చెప్పినా గదా: "అవును గెల్చింది. నేను కుండలు పగలగొట్టినందుకు సిగ్గుపడలా, నా బిడ్డ గెల్చినందుకూ సిగ్గుపడను. గొప్పోడొచ్చి కప్పు సాపితే ల్యాదన్నది నా బిడ్డ. మీ ఇండ్లల్లో ఒక్క మొగోనికి ల్యాదని చెప్పగల్గినారా ఇంతవరకూ?" కృష్ణవేణమ్మే మొదట లేసొచ్చి నా చెయ్యి పట్టుకునింది.

శనివారం రా. కోడిని కోస్తాండా. ఆ పతకం సంచిలో పెట్టుకోని రావొద్దు, మెడలో ఏసుకో. బస్టాండులో దిగినాక ఆటో ఎక్కొద్దు, ఎండైనా సరే. గుడి ముందు నుంచి, బజారు మీదుగా, నిదానంగా నడిచి రా. దేనికొచ్చిందని ఎవురన్నా అడిగితే నువ్వు నోరు తెరవొద్దు. నేను ఎదురొస్తా, నేను చెప్తా.

మీ అత్త వరమ్మ.